భయమువలన కలుగు శ్వాసపీడ – తన్నివారణము

శ్రీమద్రామాయణమున ఉత్తరకాండలో ఒక కథ కలదు. బాలుడైన హనుమంతుడు ఉదయసూర్యుని పండని భ్రమించి ఆకాశమునకు ఎగసెను. ఇంద్రుడు వజ్రాయుధముతో కొట్టగా దవడ విఱిగి పర్వతముపై పడెను. కన్నతండ్రియైన వాయుదేవుడు బిడ్డను ఎత్తుకొని గుహను ప్రవేశించి, లోకసంచారము మానివేసెను. అంతట ముల్లోకములలోని ప్రాణులకు ఊపిరాడలేదు. కీళ్లు పట్టు తప్పినవి. జీవులు కట్టెలవలె బిగిసిపోయిరి. దేవతలు భయపడి బ్రహ్మను శరణు జొచ్చిరి.

బ్రహ్మ యేమి చేసెను? వాయువును దండింపలేదు, వెంటనే వీచుమని శాసింపలేదు. దేవతలను వెంటబెట్టుకొని వాయువున్న చోటికి పోయి, ఆయన చేతిలోని బిడ్డను తన చేతితో నిమిరెను. బిడ్డకు తెలివి వచ్చెను. అంతనే వాయువు ప్రాణులయందు మునుపటివలె సంచరింపసాగెను.

ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. లోకమున గాలి నశింపలేదు. శోకముచేత ముడుచుకొని గుహలో కూర్చున్నది. శోకము తీఱగనే తనంత తాను వెలుపలికి వచ్చినది. భయశోకములవలన మానవునకు కలుగు శ్వాసపీడయు ఇట్టిదే. గాలి లేక కాదు, భయముచేత ఊపిరి గతి తప్పుటవలన కలుగు పీడ అది. ఆ పీడ యొక్క స్వరూపమును, శాస్త్రసమ్మతమైన ఉపాయమును, ఇంటివారి కర్తవ్యమును, వైద్యుని ఆశ్రయింపవలసిన సందర్భములను ఈ వ్యాసమున యథాశక్తి వివరింతును.

పీడ యొక్క స్వరూపము

మా చొప్పదండి ప్రాంతమున ఈ పీడ నెఱుగని వాడకట్టు ఉండదు. కొడుకు గల్ఫు దేశమునకు పోయి, నెల దాటినను ఫోను రాని తల్లి నడిరేయి దిగ్గున లేచి కూర్చుండును. పత్తిచేను ఎండిన రైతు అప్పులవానిని తలచుకొనగనే ఛాతీ పట్టుకొనును. ప్రశ్నపత్రము చేతికి రాకముందే విద్యార్థికి ఊపిరి అందదు. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు కనుమదారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ తరువాత ఆ చుట్టుపట్ల గ్రామములవారికి బస్సు మెట్టుపై కాలుపెట్టగనే గుండె దడదడలాడినచో అందు ఆశ్చర్యమేమున్నది? 2021లో కరోనా రెండవమాఱు విజృంభించిన దినములలో రోగము లేనివారును రాత్రికి పదిమాఱులు వ్రేలికి ఆక్సీమీటరు తగిలించుకొని చూచుకొనుట మనము ఎఱిగినదే.

ఈ పీడ వచ్చినపుడు గుండె వేగముగ కొట్టుకొనును. ఛాతీ బిగియును. నోరు ఎండును. వ్రేళ్ల కొసలును పెదవుల చుట్టును తిమ్మిరెక్కును. తల తిరుగును. అన్నింటికంటె మిక్కిలియైనది 'ఇదే నా కడపటి క్షణము' అను నిశ్చయము. ఈ తీవ్రత సాధారణముగ పది నిమిషములలో పరాకాష్ఠనంది, అరగంట లోపల చాలవఱకు తగ్గును. అనుభవించువానికి మాత్రము ఆ పది నిమిషములు పది యుగములు.

పల్లెలలో దీనిని చూచి 'గాలి సోకినది' అందురు; తాయెత్తునకై పరుగెత్తుదురు. ఆ మాటలో ఒక విధముగ సత్యము లేకపోలేదు. సోకినది గాలియే. అయితే అది పరుల గాలి కాదు, శ్మశానపు గాలి కాదు. భయముచేత మితి మీఱి పీల్చిన తన గాలియే తనకు సోకినది. ఎట్లో చూతము.

లోపమా, ఆధిక్యమా?

భయము కలుగగనే శరీరము పోరాడుటకో పారిపోవుటకో సిద్ధపడును. గుండెయు శ్వాసయు వేగము పుంజుకొనును. పులి ఎదురైనపుడు ఇది ఉపకారమే. పరుగెత్తిన కాళ్లు ఆ శక్తిని వాడుకొనును. కాని గడప దాటక, మంచముమీద కూర్చుండి, రేపటి అప్పును తలచుకొని భయపడినవానికి ఆ వేగము నిరుపయోగము. శ్వాస అవసరమును మించును. అందువలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు అధికముగ వెలికి పోవును. అది విడిచివేయదగిన చెడ్డగాలి యని చిన్నతరగతులలో చదివితిమి. కాని రక్తమున అది కొంత నిలిచియుండుట ఆవశ్యకము. మితి తప్పి తగ్గినచో మెదడునకు రక్తము గొనిపోవు నాళములు సంకోచించును. అందువలన తల తిరుగును, చేతులు తిమ్మిరెక్కును, గాలి చాలనట్లు తోచును.

ప్రాణవాయువు మాత్రము ఆ సమయమున రక్తములో సమృద్ధిగనే యుండును. కొఱత అనిపించుచున్నది, కొఱత లేదు. ఇది తెలియక బాధితుడు ఇంకను గట్టిగ పీల్చును. పీల్చినకొలది బొగ్గుపులుసు వాయువు ఇంకను తగ్గును. తగ్గినకొలది పీడ పెరుగును. పెరిగినకొలది భయము హెచ్చును. దాహమని ఉప్పునీరు త్రాగినవాని గతి యిది. పక్కనున్నవారు ప్రేమతోనే 'గట్టిగా ఊపిరి పీల్చు, ఇంకా గట్టిగా పీల్చు' అని తొందరపెట్టుట ఆ ఉప్పునీటిని మఱియొక చెంబుడు అందించుటయే.

ఇది పిఱికివారి జబ్బని తలపరాదు. అమెరికా అంతర్యుద్ధమున తుపాకి పట్టి పోరాడిన సైనికులలో గుండెదడ, ఆయాసము, ఛాతీనొప్పి గలిగియు హృదయమున వ్యాధి కానరాని వారిని గూర్చి 1871లో జేకబ్ డ కోస్టా అను వైద్యుడు విపులముగ వ్రాసెను. ఫిరంగుల నెదుర్కొన్నవారికే తప్పని పీడ ఇంటిభారము మోయు తల్లికి కలిగినచో అది సిగ్గుపడవలసిన విషయము కాదు.

తెలుగున 'నిట్టూర్పు' అను మాట ఈ సందర్భమున తలపునకు వచ్చుచున్నది. నిడు, ఊర్పు అను రెండు పదముల కలయికచే ఏర్పడినది. దీర్ఘమైన శ్వాస యని అర్థము. దుఃఖించువాడు నిట్టూర్చునని మన పెద్దలు ఏనాడో గుర్తించిరి. ఒకటి రెండు నిట్టూర్పులు మనస్సునకు ఊఱటయే. కాని రోజంతయు మాటిమాటికి నిట్టూర్చుట, ఆవులించుట, 'లోపలివఱకు గాలి పోవుటలేదు' అని పరీక్షించుకొనుచు పీల్చుట భయపీడకు గుఱుతు కావచ్చును.

శాస్త్రకారుల దృష్టి

పతంజలి మహర్షి యోగసూత్రములలో, సమాధిపాదమున, చిత్తమును చెదరగొట్టు విఘ్నములను తొమ్మిదింటిని లెక్కించెను. వెంటనే 31వ సూత్రమున వానితోగూడ పుట్టునవి నాలుగు చెప్పెను: దుఃఖము, మనస్సు క్రుంగుట, అవయవములు వణకుట, శ్వాసప్రశ్వాసలు. ఇచట శ్వాసప్రశ్వాసలనగా మన వశము తప్పి సాగునవి యని వ్యాఖ్యాతల అభిప్రాయము. పైన వర్ణించిన పీడను ఈ నాలుగింటితో పోల్చి చూడుడు. ఒకటియు తప్పలేదు.

ఆ పిమ్మట రెండు సూత్రములు దాటి, 34వ దానిలో, శ్వాసద్వారమున మనస్సును నెమ్మదిపఱచు ఉపాయము చెప్పబడినది. అందు మొదట చెప్పినది లోని గాలిని వెలికి విడుచుట. తరువాత చెప్పినది నిలుపుట. పీల్చుటను ప్రత్యేకించి పేర్కొననే లేదు. పాఠశాలలో ఈ సూత్రమును చెప్పించుకొన్న దినములలో దీని స్వారస్యము మాకు అంతగా తోచలేదు. నేటి వైద్యులు తెలిసికొన్న విషయముతో కలిపి చూచిన ఆ క్రమము ఎంత సమంజసమో తేటపడుచున్నది. ఊపిరి నిండియున్నవానికి కావలసినది పూరకము కాదు, రేచకము. నెమ్మదిగ విడిచినవానికి పీల్చుట తనంత తానే సమకూడును.

ఇంకొక లెక్క చూతము. యోగచూడామణ్యుపనిషత్తు మున్నగునవి ఒక పగలు, ఒక రేయి కలిసి జీవుని శ్వాసలు 21,600 అని చెప్పినవి. 24 గంటలకు 1,440 నిమిషములు. భాగించి చూచిన నిమిషమునకు 15 శ్వాసలు. విశ్రాంతిగ నున్న పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వఱకు శ్వాసలు సహజమని ఆధునిక వైద్యులు చెప్పుదురు. ఉద్వేగమున ఈ సంఖ్య మితి దాటును; జపమున తగ్గును.

జపమున తగ్గుననుట కేవలము విశ్వాసము కాదు. ఇటలీ దేశమున లూచియానో బెర్నార్డి మున్నగు వైద్యులు ఆరోగ్యవంతులైన 23 మందిచేత లాటిను భాషలోని జపమాలాప్రార్థనను, బౌద్ధమంత్రమును పలికించి పరీక్షించిరి. రెండింటను శ్వాస నిమిషమునకు సుమారు ఆఱునకు దిగెను; హృదయగతియు శ్వాసతో శ్రుతి కలిపెను. 2001 డిసెంబరులో బ్రిటిషు మెడికల్ జర్నల్ ఈ ఫలితములను ప్రకటించినది. మతము ఏదైనను, భాష ఏదైనను, లయతో పలికిన దైవనామము దీర్ఘమైన రేచకమే. మాట పలుకునపుడు గాలి వెలికే పోవును గదా! పారాయణము చేయువారికి కలుగు శాంతికి భక్తి మూలమైనను, దేహమున దానికి ద్వారము ఈ రేచకమే యని నా తలంపు.

అభ్యాసక్రమము

ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వ్యర్థము. నెమ్మదిగ నున్న వేళలలోనే, ఉదయము సాయంకాలము ఐదేసి పదేసి నిమిషములు అభ్యసింపవలెను.

పీటపై గాని కుర్చీలో గాని సుఖముగ కూర్చుండి, భుజములు సడలించి, ఒక అఱచేతిని పొట్టపై నుంచవలెను. పీల్చునపుడు ఛాతీ ఎగసిపడక పొట్ట మెల్లగ ఉబ్బవలెను, విడుచునపుడు దిగవలెను. మొట్టమొదట ఉన్న గాలిని తొందరలేక విడువవలెను. పిమ్మట నాలుగు సెకనులు ముక్కుతో తీసికొని, ఆఱు సెకనులు విడువవలెను. కలిపి పది సెకనులు. నిమిషమునకు ఆఱు శ్వాసలగును. లెక్క విసుగైనచో, తీసికొనునపుడు రామనామము రెండు మాఱులు, విడుచునపుడు మూడు మాఱులు నిదానముగ స్మరించిన అదే ప్రమాణము కుదురును. అంత నిడివి ఇబ్బంది యైనవారు తమకు వీలైనంతతో మొదలుపెట్టవలెను. కొలత ముఖ్యము కాదు. విడుచుట పీల్చుటకంటె దీర్ఘముగ నుండుట ముఖ్యము.

శ్లోకములు వచ్చినవారు అనుష్టుప్పులో సగము, అనగా పదునాఱు అక్షరములు, ఒక్క ఊపిరిలో పలికి, ఆగి, సహజముగ గాలి తీసికొని మిగిలిన సగము పలుకవచ్చును. కాని మడిబట్ట ఆఱకముందే ముగింపవలెనను తొందరతో చదివినచో శ్వాసయు తొందరపడును. నూఱు శ్లోకములు ఉఱుకులు పెట్టించుటకంటె పది శ్లోకములు నిదానముగ పలుకుట మేలు.

కుంభకమును గూర్చి ఒక హెచ్చరిక. శాస్త్రములలో చెప్పిన దీర్ఘకుంభకములు గురుముఖమున, ఆరోగ్యవంతులు అభ్యసింపవలసినవి. ఉద్వేగమున నున్నవారు, గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు, గర్భిణులు ఊపిరి బిగపట్టరాదు. భస్త్రిక వంటి వేగశ్వాసలు ఈ పీడ గలవారికి తగవు. పీడకు మూలమైనదే అతిశ్వాస గదా! కాగితపు సంచిలోనికి ఊపిరి విడిచి మఱల పీల్చుట ఒకప్పుడు చెప్పెడివారు. ఉబ్బసమో గుండెపోటో ఐనచో అది ప్రాణాపాయము. నేడు దానిని వైద్యులు సమ్మతింపరు.

పీడ నిజముగ వచ్చినపుడు పోరాడరాదు. గజేంద్రుడు తన బలముతో లాగినంతకాలము మకరియు లాగినది, విడిపించినది శరణాగతియే. 'ఇది భయము. ఇదివఱకు వచ్చినది, పోయినది. ఇప్పుడును పోవును' అని తనకు తాను చెప్పుకొనుచు, ముందునకు కొంచెము వంగి, మోచేతులు తొడలపై ఆనించి, పెదవులను సన్నగ చేసి, వేడిపాలను ఊదినట్లు మెల్లగ విడువవలెను.

భయపడిన చోటును విడిచిపెట్టుట ఇంకొక ఉచ్చు. మా వీధిలోని యొక గృహిణి బస్సులో ఒకమాఱు ఊపిరాడక దిగిపోయినది. తరువాత కరీంనగరము పోవుట మానినది; కొంతకాలమునకు అంగడి మానినది; తుదకు వీధి చివరి గుడికి పోవుటయు మానినది. తప్పించుకొన్నకొలది భయము గడప దగ్గఱకు వచ్చినది. మఱల ఆమె మొదట బస్టాండు వఱకు, తరువాత ఒక్క స్టేజి, ఆపై రెండు స్టేజీలు, కూతురిని తోడు దీసికొని పోయినది. కొన్ని నెలలకు ఒంటరిగ కరీంనగరము పోయి వచ్చినది. వచ్చిన మార్గముననే భయమును వెనుకకు పంపవలెను.

ఇంటివారి ధర్మము

కురుక్షేత్రమున అర్జునుని స్థితి స్మరింపుడు. అవయవములు పట్టు తప్పినవి, నోరు ఎండినది, మేను వణకినది, చర్మము మండినది, గాండీవము జాఱినది, నిలువలేకపోయెను, మనస్సు గిఱ్ఱున తిరిగినది. మహావీరునకే ఇన్ని లక్షణములు! శ్రీకృష్ణపరమాత్మ మొదట ఇది నీకు తగదని మందలించెను. ఆ మందలింపుతో పని నెఱవేఱలేదు. అర్జునుడు యుద్ధము చేయనని కూర్చుండెను. అప్పుడు స్వామి రథము విడిచిపోలేదు. ప్రక్కనే నిలిచి, ప్రశ్న వెంట ప్రశ్న విని, విసుగులేక బోధించెను. భగవంతుని మందలింపే చాలనిచోట మన గద్దింపు చాలునా?

కావున 'నటన చేయుచున్నది', 'ధైర్యము లేదు', 'పనికి జంకి' అను మాటలు ఇంటివారు అనరాదు. పదిమంది గుమిగూడి గాలి ఆడకుండ చేయరాదు. వేపమండలతో కొట్టుట, పొగ వేయుట క్రూరము. పొగ శ్వాసకు శత్రువు. ఒక్కరు ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, మెల్లని గొంతుతో 'నాతో కూడ విడువు' అని తాము నిదానముగ ఊపిరి విడుచుచు చూపవలెను. బ్రహ్మ వాయువునకు చేసినది ఇదియే. ఆజ్ఞ కాదు, సాన్నిధ్యము, స్పర్శ. పీడ తగ్గిన పిమ్మట దాని వెనుకనున్న శోకమును అడిగి తెలిసికొనవలెను. గుహలో బిడ్డ యెవరో తెలియక వాయువును పిలిచి ప్రయోజనము లేదు.

వైద్యుని ఆశ్రయింపవలసిన వేళ

చరకసంహిత చికిత్సాస్థానమున శ్వాసరోగములు ఐదు విధములని చెప్పి, వానిలో కొన్ని అతిశీఘ్రముగ ప్రాణము తీయునవని హెచ్చరించినది. ఆయాసమంతయు భయమువలననే యని తీర్మానించుట ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టుటయే. మొదటిమాఱు ఇట్టి పీడ వచ్చినవారు తప్పక వైద్యునిచేత గుండె, ఊపిరితిత్తులు, రక్తహీనత, థైరాయిడు పరీక్షింపించుకొనవలెను. ఛాతీనొప్పి భుజమునకో దవడకో ప్రాకుట, చల్లని చెమటలు, పెదవులు నీలివర్ణమగుట, పిల్లికూతలు, జ్వరముతో దగ్గు, ఒక కాలు వాచుట, స్పృహ తప్పుట, పడుకొనిన ఆయాసము హెచ్చుట ఉన్నచో ప్రాణాయామమని కూర్చుండక 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను.

పరీక్షలలో దేహరోగము లేదని తేలినను పీడ మఱల మఱల వచ్చుచున్నచో మనోవైద్యుని చూచుట అవమానము కాదు. భయశోకములవలన దేహమున రోగము పుట్టునని మన ఆయుర్వేదాచార్యులే అంగీకరించిరి. భయమువలన, శోకమువలన కలుగు అతిసారములను చరకుడు వేఱుగ లెక్కించెను. నేడు మాటలతో చేయు చికిత్సయు, ఔషధములును లభించుచున్నవి. వాడుచున్న మందును తమంత తాము హఠాత్తుగ మానరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన తెలుగులోనే సలహా దొరకును. తీవ్రమైన నిరాశ కలిగి ప్రాణము తీసికొనవలెనను తలపు వచ్చినవారు, ఆ మాట విన్న బంధువులు, మఱునాటికి వాయిదా వేయరాదు.

కొండగట్టు స్వామి సన్నిధి

మా చొప్పదండికి సమీపమున, కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున, కొండగట్టు ఆంజనేయస్వామి వెలసియున్నాడు. మనోవ్యాధిపీడితులు 41 దినములు కొండపై నుండి స్వామిని సేవించిన నెమ్మది పొందుదురని ఈ ప్రాంతపు ప్రజల విశ్వాసము. వాయుపుత్రుని సన్నిధి ఊపిరి తడబడినవారికి ఆశ్రయమగుట ఎంత సముచితము!

ఇట్టి దేవాలయవాసమును గూర్చి పరిశీలన లేకపోలేదు. తమిళనాడులోని ముత్తుస్వామి దేవాలయమున ఆశ్రయము పొందిన 31 మందిని వైద్యులు పరీక్షించి 2002లో వెల్లడించిరి. వారిది భయపీడ కాదు, తీవ్రమైన మనోరోగము. సగటున ఆఱు వారములు అచట నివసించిరి; లక్షణములు సుమారు ఇరువది శాతము తగ్గినవి. గద్దింపు లేని ఆదరణ, దినచర్య, చిన్న చిన్న సేవలు దీనికి కారణములని వారు భావించిరి. అయితే అదే రాష్ట్రమున ఎఱవాడిలో 2001 ఆగస్టు 6న ప్రైవేటు ఆశ్రమమొకటి అగ్నికి ఆహుతి కాగా, గొలుసులతో కట్టబడియుండి తప్పించుకొనలేక 25 మందికి పైగా మరణించిరి. ఒకే విశ్వాసముతో రోగిని ఆదరింపవచ్చును, బంధింపవచ్చును. ఏది భక్తియో వేఱుగ చెప్పనక్కఱలేదు. కొండకు వచ్చువారు మందుల పొట్లమును స్వామి ప్రసాదముతోపాటు సంచిలో ఉంచుకొనవలెను. ఒకటి మఱియొకదానికి విరోధి కాదు.

హనుమంతుడు భయమెఱుగనివాడని మనము కీర్తింతుము. కాని సుందరకాండ చదివినవారికి తెలియును: లంకయంతయు వెదకి సీతమ్మ కానరాక, తిరిగిపోయి ఏమి చెప్పుదునని చింతించి, ప్రాణత్యాగము వఱకు ఆలోచించినాడు. పిమ్మట నిలదొక్కుకొని, దేవతలకు మ్రొక్కి, తాను ఇంకను వెదకని అశోకవనము వైపు అడుగు వేసినాడు. అమ్మ అచటనే యున్నది. చింత కలుగుట దోషము కాదు. చింత నడుమ ఒక్క ఊపిరి నెమ్మదిగ విడిచి, మిగిలియున్న తోట వైపు ఒక్క అడుగు వేయుటయే ధైర్యము.

వాయుపుత్రుని కటాక్షమున భయార్తులందఱకు ఊపిరి నెమ్మదించుగాక. వారిని ప్రేమతో ప్రక్కన కూర్చుండబెట్టుకొను బంధువులు ఇంటింట ఉందురుగాక.